మూగజీవుల శరణాలయము: రెండు నగరముల చరిత్ర

మా రేడియో కేంద్రము వాకిట కొన్నేండ్లుగా ఒక గోధుమవన్నె కుక్క కాపురమున్నది. దానికి యజమాని లేడు. రాత్రి చివరి ప్రసారము ముగించుకొని మేము ఇండ్లకు పోవు వేళ గేటు దాక వచ్చి సాగనంపును. తెల్లవారుజామున పనికి వచ్చు వారిని గుర్తించి తోక ఆడించును. దాని ఎడమ చెవి కొన తెగి యుండును. ప్రసంగములకై మా కేంద్రమునకు దయచేయు పెద్దలలో పలువురు దానిని చూచి, "ఏ నిర్దయుడో ఈ మూగజీవి చెవి కోసినాడు గదా!" అని నొచ్చుకొందురు. నిజమునకు ఆ కోత క్రౌర్యమునకు గుర్తు కాదు. ఆ కుక్క ఒకనాడు శరణాలయమునకు పోయి, శస్త్రచికిత్సయు టీకాయు పొంది, తిరిగి తన వీథికి చేరినదనుటకు గుర్తు. ఆ చిన్న గుర్తు వెనుక ఇంచుమించు రెండు వందల ఏండ్ల చరిత్ర కలదు. అందు ఒక నగరమున చెలరేగిన అల్లరి కలదు. మరియొక నగరమున నూరేండ్లకు పైగా సాగిన సంహారము కలదు. ఆ చరిత్రను నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

మన పల్లెలలో పెరిగిన వారికి బందెలదొడ్డి తెలియనిది కాదు. పరుల చేలో పడి మేసిన పశువును తోలుకొనిపోయి అందు కట్టివేయుదురు. యజమాని వచ్చి రుసుము చెల్లించి విడిపించుకొనిపోవును. బందెలదొడ్డి పైరును కాపాడుటకు పుట్టినదే గాని పశువును కాపాడుటకు పుట్టినది కాదు. ముసలిదై పనికిరాని ఎద్దునకు, కాలు విరిగిన గుఱ్ఱమునకు, రెక్క తెగిన పక్షికి, అసలు యజమానియే లేని కుక్కకు చోటిచ్చు దొడ్డి వేరొకటి కలదు. గుజరాతు ప్రాంతము వారు దానిని పాంజ్రాపోలు అందురు. పింజరా అనగా మన పంజరమే. పోల్ అనగా ఆవరణము, లేక వాడ. మొదటి దొడ్డిలో పశువు అపరాధి; రెండవ దానిలో అతిథి.

మూగజీవులకు చికిత్స చేయవలెనను తలంపు మన దేశమున మిక్కిలి ప్రాచీనము. దానికి సాక్ష్యము వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై అశోక చక్రవర్తి ధర్మశాసనములు నేటికిని చూడవచ్చును. వానిలో రెండవ శాసనము, మనుష్యులకును పశువులకును వేరువేరుగా రెండు విధముల వైద్యము ఏర్పాటు చేయబడినదనియు, ఓషధులు లేని చోట్లకు వానిని తెప్పించి నాటించిరనియు, మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించిరనియు తెలుపుచున్నది. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దపు మాట ఇది. శాసనము చెప్పునది వైద్యమును గూర్చియే. శరణాలయమను మాట అందు లేదు. అయినను పశువును మనుష్యుని సరసన నిలిపి, రెంటి బాధను ఒక్క వాక్యమున చెప్పుట గమనింపదగినది.

తరువాతి కాలమున ఈ ధర్మమును ముఖ్యముగా నిలిపిన వారు పశ్చిమ తీరపు వర్తకులు, అందులోను జైనులు. 1623లో ఖంబాతు నగరమునకు వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె అచ్చట గాయపడిన పక్షులకై నడపబడుచున్న ఆసుపత్రిని చూచి, ఆశ్చర్యముతో తన లేఖలలో వర్ణించెను. ఆ వర్తకుల సంతతి వారే, బొంబాయి రేవు పెరిగిన కొలది, వ్యాపారమునకై ఆ నగరము చేరిరి. వారి వెంట పాంజ్రాపోలు అను భావమును చేరెను. కాని బొంబాయిలో అది కట్టడముగా రూపొందుటకు ఒక అలజడి కారణమయ్యెను.

1832వ సంవత్సరమున బొంబాయి ఈస్టిండియా కంపెనీ పాలనలో నుండెను. వేడి హెచ్చుగా నుండు నెలలలో వీథికుక్కలను చంపవచ్చునను 1813 నాటి నిబంధన అమలులో నుండెను. 1832లో ఆ గడువును జూన్ 15 వరకు పొడిగించిరి. చంపిన ఒక్కొక్క కుక్కకు ఎనిమిదణాలు బహుమానము. ఆ సొమ్మునకు ఆశపడిన వారు వీథికుక్కలతో ఆగక, ఇండ్ల ఆవరణములలో చొరబడి పెంపుడు కుక్కలను సయితము పట్టుకొనిపోవుచున్నారని జనులు మొరపెట్టుకొనిరి.

పార్సీ మతమున కుక్కకు గౌరవస్థానము కలదు. వారి అంత్యక్రియలలో శవమును కుక్కచేత చూపించు ఆచారము కలదు. దానిని సగ్‌దీద్ అందురు. అట్టి జంతువును కన్నుల ఎదుట చంపుచుండగా, అదియును జూన్ 6వ తేదీన, తమకు పుణ్యదినమైన నాడు చంపుచుండగా, పార్సీలు సహింపలేకపోయిరి. కుక్కలను పట్టుచున్న పోలీసు జవానులపై గుంపు విరుచుకుపడెను. మరునాడు పార్సీలతో పాటు హిందువులును జైనులును దుకాణములు మూసివేసిరి. కొలాబాలోని సైనికులకు పోవలసిన ఆహారపదార్థములను దారిలో అడ్డగించిరి. ప్రభుత్వము సైన్యమును పిలిపించి గుంపులను చెదరగొట్టెను, పలువురిని నిర్బంధించెను. కుక్కల కొరకు ఒక మహానగరము వర్తకము మాని తలుపులు మూసుకొనిన దినమది.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. తప్పంతయు ప్రభుత్వమునదే, ఒప్పంతయు జనులదే అని మేము తేల్చివేయబోము. పిచ్చికుక్క కాటునకు ఆనాడు మందు లేదు. కరచిన కుక్కకు రేబిస్ వ్యాధి ఉన్నయెడల, ఆ వ్యాధి మనిషికి సోకి లక్షణములు పైబడిన పిమ్మట, నీరు చూచి బెదరుచు మరణించుటయే గతి. లూయీ పాశ్చరు జోసెఫ్ మైస్టర్ అను బాలునకు టీకా వేసినది 1885 జూలై 6న. అనగా బొంబాయి అల్లరికి ఏబదిమూడేండ్లకు తరువాత. మన దక్షిణదేశమున కూనూరులో పాశ్చరు సంస్థ వెలసినది 1907లో. కావున 1832లో కుక్కను చూచి భయపడిన అధికారి భయము వట్టిది కాదు. దానిని కాపాడవలెనన్న పార్సీ భక్తియు వట్టిది కాదు. ఈ రెండు సత్యములు నాడు ఎదురుపడెను. అవి నేటికిని ఎదురుపడుచునే యున్నవి.

ఆ సంధి సమయమున ముందునకు వచ్చినవారు జంషెడ్జీ జీజీభాయ్ మొదలగు వర్తక ప్రముఖులు. జంషెడ్జీ చైనాతో ప్రత్తి, నల్లమందు వ్యాపారము చేసి అపారధనము ఆర్జించినవాడు. 1842లో బ్రిటిషు ప్రభుత్వము నుండి 'సర్' బిరుదు పొందిన మొదటి భారతీయుడు. ఈ వర్తకులు అల్లరిని సమర్థింపలేదు. కుక్కలను చంపుటకు మారుగా పట్టణము వెలుపలికి పంపవలెనని ప్రభుత్వమును కోరిరి. కోరుటతో సరిపుచ్చక, అట్టి జంతువులకు నిలువ నీడ చూపుటకు పూనుకొనిరి. 1834 అక్టోబరు 18న జంషెడ్జీయు, అమీచంద్ షా అను మరియొక వర్తకుడును కలిసి బొంబాయి పాంజ్రాపోలును స్థాపించిరి. నేటి భూలేశ్వర్ ప్రాంతమున అది ఇప్పటికిని ఉన్నది.

దాని పోషణకు వారు కనిపెట్టిన మార్గము ముచ్చటైనది. ఒక్క దాత ఔదార్యముపై ఆధారపడక, బజారులో చేతులు మారు సరకులపై కొంత సుంకము తామై విధించుకొనిరి. మన అంగళ్ళలో ధర్మము పద్దు అని వేరుగా వ్రాసియుంచు సొమ్ము వంటిదే ఇది. ప్రత్తి బేరము జరిగినను, చక్కెర బేరము జరిగినను, ఆ లాభమున కుంటి గుఱ్ఱమునకును ముసలి కుక్కకును ఒక పాలు ముట్టెను. ప్రభుత్వము చేయని పనిని బజారు చేసెను.

అయినను ఆ శరణాలయమునకు ఒక పరిమితి యుండెను. దాని తలుపు లోనికి మాత్రమే తెరచుకొనెడిది. చేరిన జంతువు ఆయువు తీరువరకు అచ్చటనే యుండవలెను. వచ్చునవి అనేకము, పోవునవి స్వల్పము. ఆడకుక్క గర్భము రెండు నెలలు మాత్రమే. ఏడాదికి రెండు మార్లు ఈనగలదు. ఈ లెక్కను ఏ గోడలు మోయగలవు? పాంజ్రాపోలువారు నగరము వెలుపల శాఖలు పెట్టవలసి వచ్చెను. కాలక్రమమున బొంబాయి పాంజ్రాపోలు ముఖ్యముగా గోవుల నెలవయ్యెను. కుక్కల కొరకు జరిగిన అల్లరి దాని పుట్టుకకు దారితీసినను, కుక్కల సమస్య దాని గోడల వెలుపలనే మిగిలెను. నగరపాలకులు కుక్కలను చంపుట 1990 దశకము వరకు మానలేదు.

బొంబాయిలోనే రెండవ మెట్టు ఒకటి కట్టబడెను. 1880 దశకమున పరేలులో సర్ దిన్షా మానెక్‌జీ పెటిట్ తన భార్య సాకర్‌బాయి పేరిట జంతువుల ఆసుపత్రిని నెలకొల్పెను. 1886లో ఆ ఆవరణమునందే బొంబాయి పశువైద్య కళాశాల వెలసెను. పాంజ్రాపోలుకును ఈ ఆసుపత్రికిని గల భేదము స్పష్టము. పాంజ్రాపోలు జంతువును చావనీయక ఉంచుకొనును. ఆసుపత్రి దానిని బాగుచేసి పంపివేయును. బండి ఎద్దు వచ్చును, గాయము మానును, మరల బండికి పోవును. శరణాలయపు తలుపు వెలుపలికిని తెరచుకొనవలెనన్న పాఠము ఇచ్చట మొదలైనది. అయితే ఈ ఆసుపత్రికి జంతువును తెచ్చునది దాని యజమాని. యజమాని లేని కుక్కను ఎవరు తెత్తురు? తెచ్చినను ఎచ్చటికి పంపుదురు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు మఱియొక నగరము పూనుకొనవలసి వచ్చెను.

ఆ నగరము మదరాసు. మన తెలుగువారికి అది పరాయి ఊరు కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడు వరకు సర్కారు, రాయలసీమ జిల్లాలకు అదియే రాజధాని. ఆ నగరమున వీథికుక్కలను పట్టి చంపుట 1860లో ఆరంభమైనదని బ్లూ క్రాస్ సంస్థవారు చెప్పుదురు. చంపబడిన కుక్కల సంఖ్య 1990 దశకపు నడుమ నాటికి దినమునకు 135 వరకు పెరిగినదనియు వారి లెక్క. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. నూట ముప్పదియేండ్లకు పైగా చంపినను చంపవలసిన కుక్కలు తరుగలేదు, పెరిగినవి. ఇందలి కారణము కఠినమైనది కాదు. వీథిలో పారవేయు ఎంగిలి మెతుకులు ఎన్ని కుక్కలను పోషింపగలవో అన్ని కుక్కలు ఆ వీథిని చేరును. ఉన్నవానిని తొలగించినచో ప్రక్క వీథి కుక్కలు ఆ చోటును ఆక్రమించును. మిగిలినవి పిల్లలను పెట్టి ఆ లోటును పూరించును. కుండ పగులు పూడ్చక నీరు తోడినట్లు, మూలము మానక ఫలమును మాత్రము తుడిచివేయుచు వచ్చిరి.

బ్లూ క్రాస్ సంస్థ 1959లో మదరాసులో పుట్టెను. దాని స్థాపకుడు కెప్టెన్ వి. సుందరం విమానచోదకుడు. వానకాలమున వరదనీటిలో కొట్టుకొనిపోవుచున్న కుక్కపిల్లలను ఆయన చూచి, రక్షించి, ఇంటికి తెచ్చుటతో సంస్థకు అంకురార్పణ జరిగినదని ఆ సంస్థ చరిత్ర చెప్పుచున్నది. ఆయన భార్య ఉషా సుందరం కూడ విమానము నడపిన స్త్రీ. భర్తతో పాటు ఈ పనిలో పాల్గొనెను. ఆకాశమున ఎగురువారి దృష్టి వాకిటి మురుగునీటిలోని పిల్లలపై పడుట విశేషమే.

1964లో ఈ సంస్థవారు క్రొత్త మార్గమును సూచించిరి. కుక్కను పట్టుడు, చంపకుడు. సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుడు. రేబిస్ రాకుండ టీకా వేయుడు. గాయము మానిన పిమ్మట ఏ వీథిలో పట్టితిరో ఆ వీథిలోనే వదలుడు. అది తన చోటును తాను కాచుకొని క్రొత్త కుక్కలను రానీయదు, తాను పిల్లలను పెట్టదు, వ్యాధిని అంటింపదు. వినుటకు ఇది తేలికయే. కాని మదరాసు కార్పొరేషను ఈ పద్ధతికి అంగీకరించుటకు మూడు దశాబ్దములు పట్టెను. 1995–96 సంవత్సరములలో మాత్రమే చంపుట మాని దీనిని చేపట్టిరి.

చట్టముల చరిత్రయు ఇట్లే నెమ్మదిగా నడచెను. 1952లో రాజ్యసభకు నియమింపబడిన ప్రసిద్ధ నాట్యవేత్రి రుక్మిణీదేవి అరండేల్ జంతువులపై క్రౌర్యమును నివారింప ఒక బిల్లును తానై ప్రతిపాదించెను. ప్రధాని నెహ్రూ ప్రభుత్వమే సమగ్రమైన చట్టము తెచ్చునని మాట ఇచ్చుటచే ఆమె దానిని విరమించెను. ఆ మాట ప్రకారము 1960లో చట్టము వచ్చెను. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. విచారింపదగిన సంగతి ఏమనగా, ఆ దయాచట్టమునందే వీథికుక్కలను ప్రత్యేకమైన గదులలో చంపుట నేరము కాదను మినహాయింపు కూడ కలదు. కుక్కకు శస్త్రచికిత్స చేసి వదలవలెనను నియమావళి దేశమంతటికి 2001లో వచ్చెను. దాని స్థానమున 2023లో క్రొత్త నియమావళి వెలువడెను.

మన తెలుగునాట ఈ పని ఆలస్యముగానైనను మొదలయ్యెను. 1992లో హైదరాబాదు బ్లూ క్రాస్ సంస్థను సినీనటి అక్కినేని అమల స్థాపించిరి. విశాఖపట్టణమున 1996లో జంతురక్షణ సంస్థ యొకటి వెలసెను. ఇట్టి శరణాలయములో దినచర్య ఎట్లుండును? తెల్లవారకముందే బండి బయలుదేరును. పట్టిన కుక్క మెడకు, అది ఏ వీథిదో తెలుపు చీటీ కట్టుదురు. ఆ చీటీ తప్పిపోయినచో పని యంతయు వ్యర్థము. పరాయి వీథిలో దిగిన కుక్క అచ్చటి కుక్కలచేత కరువబడును, బెదరి మనుష్యులను కరచును. శస్త్రచికిత్స వేళ మత్తులో నున్నప్పుడే చెవి కొన కత్తిరించి, పిమ్మట కొన్ని దినములు ఉంచుదురు. మరల బండి వచ్చినప్పుడు దానిని రెండవసారి పట్టకుండుటకు ఆ గుర్తు. మా వాకిటి కుక్క చెవి మర్మము ఇదియే.

ఇంతటితో సమస్య తీరినదా? తీరలేదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, ఢిల్లీ పరిసరములలోని వీథికుక్కలనన్నిటిని పట్టి శరణాలయములలోనే ఉంచవలెననియు, తిరిగి వదలరాదనియు ఉత్తర్వు చేసెను. పదునొకండు దినములకు, అదే నెల 22న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని సవరించి, రేబిస్ సోకినవియు క్రూరముగా ప్రవర్తించునవియు తప్ప తక్కినవానిని చికిత్స, టీకాల పిమ్మట పట్టిన చోటనే వదలవలెననెను. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, రైలు స్టేషనులు, బస్సు స్టాండులు వంటి ఆవరణములలోని కుక్కలను మాత్రము తిరిగి అచ్చట వదలరాదని ఆదేశించెను. తలుపు లోనికి మాత్రమే తెరచుకొనవలెనా, వెలుపలికి కూడ తెరచుకొనవలెనా అను పాత ప్రశ్నయే మరల న్యాయస్థానమున నిలిచెను.

పసిబిడ్డను కుక్క కరచిన తల్లితో, "అమ్మా, కుక్కపై దయ యుంచుము" అని చెప్పుట ఎవరికిని తగదు. కుక్కల ద్వారా సోకు రేబిస్ వలన ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది మరణించుచున్నారని అంచనా. కాటునకు గురియగువారిలో పిల్లలు అనేకులు. కాటు పడినచో గాయమును వెంటనే సబ్బుతోను పారునీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. వైద్యులు చెప్పిన టీకాలనన్నిటిని తప్పక వేయించుకొనవలెను. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా పడినచో వ్యాధి వ్యాప్తి ఆగునని నిపుణుల మాట. అనగా బిడ్డను కాపాడు టీకాయు, కుక్కను కాపాడు టీకాయు ఒక్కటియే. 1832లో ఎదురుపడిన భయమును భక్తియు పోరాడవలసిన పని నేడు లేదు. రెండును శరణాలయపు వాకిట కలిసికొనవచ్చును.

అయితే ఆ పని సగము జరిగినచో జరుగనట్లే. నూటికి ముప్పది కుక్కలకు చికిత్స చేసి, తక్కిన డెబ్బదింటిని విడిచినచో లెక్క మరల మొదటికి వచ్చును. దయ ఉత్సవమువలె ఏడాదికొకసారి చేయునది కాదు. పద్దువలె దినదినము వ్రాయునది. బొంబాయి వర్తకులు బేరము బేరమునకు ఒక పాలు తీసిపెట్టినది ఇందులకే. మనలో పెంపుడు కుక్క గలవారు దానికి టీకా వేయించి, పిల్లలను వీథిలో విడువకుండుటయు, ఎంగిలాకులను వాకిట పారవేయకుండుటయు ఆ పద్దులోని మన వంతులు.

నిన్న రాత్రి మేము ప్రసారము ముగించి వెలికి వచ్చునప్పటికి వాన కురియుచుండెను. మా వాకిటి కుక్క కావలివాని గది చూరు క్రింద ముడుచుకొని పండుకొని యుండెను. మమ్ము చూచి తెగిన చెవి నిక్కించి, మరల కన్నులు మూసికొనెను.